మా పర్లాకిమిడిలో మమ్మల్ని ఆదుకున్న వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండి, మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా ఆయన తాపీ పని చేస్తారు, వానాకాలానికి ముందు పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది, ఇక్కడ పెద్దాసుపత్రిలో చూసి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రాసేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు, కాస్త ఊపిరి పీల్చుకున్నాం, అందుకే మా ఊరి సేవా సంఘం వాళ్ళకీ గుడి దగ్గర అన్నదానం కమిటీ వాళ్ళకీ అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆపరేషన్‌కి డబ్బులు కట్టలేదండి, గవర్నమెంట్ ఆసుపత్రి కదా. గోపబంధు కార్డు, అంటే ఒడిశా గవర్నమెంట్ ఇచ్చే ఆరోగ్య కార్డు కూడా ఉంది, ఏడాదికి ఇంటికి 5 లక్షల దాకా వైద్యం, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. రేషన్లో మనిషికి 5 కిలోల బియ్యం వస్తున్నాయి. అన్నీ ఉన్నాయి కదా ఇంకేం ఇబ్బంది అన్నారు చాలామంది. కానీ రోజు కూలీ ఆగిపోయిన ఇంట్లో కార్డులో రాని ఖర్చులే ముందు మీద పడతాయి, ఆసుపత్రిలో తోడున్న మనిషి తిండి, బస్సు చార్జీలు, స్టాకు లేదు బయట కొనుక్కోండి అన్న మందులు, ఇంటద్దె, గ్యాస్ బండ. బియ్యం ఉన్నాయి, పప్పూ నూనే లేవు.

పుస్తెలు తాకట్టు పెడదామనుకుంటుంటే సంఘంలో రిటైరైన మాస్టారొకాయన ఇంటికొచ్చారు. ఈ వారం గడవాలంటే ఏమేం కావాలో చెప్పమ్మా అని అడిగి నేను చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అద్దె ఓనరుకే కట్టేశారు, కిరాణా కొట్టుకి చెప్పి ఉంచారు, నేను ఎప్పట్లాగే వెళ్ళి సరుకులు తెచ్చుకున్నాను, పక్కింటి వాళ్ళకి కూడా తెలీలేదు. ఒక్క ఫోటో తియ్యలేదండి, అది నేను ఎప్పటికీ మర్చిపోను, నా పిల్లలు బడిలో ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని లేకపోయింది.

బరంపురంలో కూడా సంఘం వాళ్ళకి తెలిసిన వాళ్ళే చూసుకున్నారు. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు, ఫారాలన్నీ ఒక అక్క నింపి ఏ కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో తెలుగులో రాసిచ్చింది. గవర్నమెంట్ వాళ్ళ ఆహార్ సెంటర్లో 5 రూపాయలకి అన్నం, దాల్మా (కూరగాయలేసిన పప్పు) దొరుకుతాయని చెప్పింది కూడా ఆవిడే, మా మరిది మధ్యాహ్నాలు అక్కడే తిన్నాడు. రక్తం కావాల్సొస్తే ఇద్దరు కుర్రాళ్ళు పని మధ్యలో వచ్చి ఇచ్చారు, అందులో ఒకబ్బాయికి తెలుగు ముక్క రాదు, వెళ్ళేటప్పుడు మా అత్తగారికి కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు, ఆవిడ ఇప్పటికీ ఆ అబ్బాయిని తలుచుకుంటూనే ఉంటుంది. ఇంట్లో పిల్లలకి కమిటీ వాళ్ళు రాత్రుళ్ళు క్యారేజీ పంపించారు.

మాస్టారు ఇప్పుడు మా ఆయన చేత నిర్మాణ కార్మికుల కార్డుకి అప్లై చేయిస్తున్నారు. తాపీ పని, సెంట్రింగ్ పని చేసే అన్నయ్యలు, తమ్ముళ్ళు మీరు కూడా లేబర్ ఆఫీసుకెళ్ళి చేయించుకోండి, 18 నుంచి 60 ఏళ్ళ లోపుండి ఏడాదిలో 90 రోజులు పని చేసుంటే చాలు. సంఘం వాళ్ళిచ్చిన వాకర్ మొన్న తిరిగిచ్చేశాం, మీ ఇళ్ళల్లో మంచం దిగలేని వాళ్ళెవరైనా ఉంటే సంఘంలో అడగండి, అద్దె తీసుకోరు.