పటంలో ఊరి పేరుకు బదులు ప్రశ్నార్థకాలు

సంపాదకులు గారికి నమస్కారములు.

పొదలకూరు మండలంలో మా బాబాయికి ఉన్న నిమ్మతోట హద్దుల పటం కోసం గత నెలలో ఇద్దరం నెట్ సెంటరుకు వెళ్లాము. ఆ వెబ్‌సైటు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ఇదివరకు అందులో స్కాన్ చేసిన బొమ్మ ఉండేది. పెద్దది చేస్తే గీతలు అలుక్కుపోయి గట్టేదో వాగేదో తెలిసేది కాదు. ఇప్పుడు ఎస్‌వీజీ పటాలు పెట్టారు. 2001 నుంచి వెబ్ ప్రమాణంగా ఉన్న ఈ పద్ధతిలో బొమ్మ అంతా బిందువుల, గీతల వివరాలుగా ఉంటుంది కాబట్టి ఎంత పెంచినా పదును తగ్గదు, పైగా అడిగిన సర్వే నంబరుకు డేటాబేసు నుంచి అప్పటికప్పుడు గీసి పంపవచ్చు. మార్పు మంచిదే. అయితే ఆ రోజు గీతలన్నీ చక్కగా వచ్చి, ఊరి పేరు ఉండవలసిన చోట మాత్రం ఎనిమిది ప్రశ్నార్థకాలు కనిపించాయి. "ఇదే ఊరురా?" అని బాబాయి నన్నే అడిగాడు.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషతోనే నా ఉద్యోగం కనుక కారణం ఊహించగలిగాను. అక్షరాలను ఏ సంకేత పద్ధతిలో రాయాలో చెప్పకపోతే సర్వ్‌లెట్ (అడిగిన పటాన్ని తయారుచేసి పంపే జావా ప్రోగ్రాము) పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన ఐఎస్ఓ-8859-1 పద్ధతిని తీసుకుంటుంది. అందులో తెలుగుకు చోటు లేదు. 'పొదలకూరు' మనకు ఐదక్షరాలే అయినా, కంప్యూటరు గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తుంది కాబట్టి ఎనిమిది అవుతాయి, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. రాయడానికి రైటరును (అక్షరాలను బయటికి పంపే సాధనాన్ని) తీసుకోకముందే, తెలుగుకూ చోటున్న యూటీఎఫ్-8 పద్ధతి అని ఒక్క వరుసలో చెబితే సరిపోయేది. తీసుకున్నాక చెప్పినా సర్వ్‌లెట్ పట్టించుకోదు. పంపేది ఎస్‌వీజీ బొమ్మ అని కంటెంట్ టైపులో (ఏ రకం ఫైలో బ్రౌజరుకు తెలిపే వివరంలో) చెప్పడం కూడా అక్కడే జరగాలి, లేకుంటే పేజీలో బొమ్మే రాదు.

పక్క సర్వే నంబరు పటం అసలు తెరుచుకోలేదు. ఆ లంకెను విడిగా తెరిచి చూస్తే, యజమాని పేరులో 'అండ్ సన్స్' కోసం వాడిన & గుర్తు దగ్గర ఎక్స్‌ఎంఎల్ (ఎస్‌వీజీ పటాలను రాసే భాష) తప్పు అని బ్రౌజరు చూపింది. డేటాబేసులోని పేరును ఉన్నదున్నట్లు పటంలోకి దించారన్నమాట. ఆ గుర్తును & అని మార్చి రాయడం ఈ పనిలో మొదటి నెలలోనే నేర్చుకునే విషయం.

బాబాయి ఆ ప్రింటు మీద ఊరి పేరును పెన్నుతో రాసి తీసుకెళితే, చేతిరాత చెల్లదని తిప్పి పంపారు. కనుక ఇటువంటి సైట్ల నిర్వాహకులు ఇంగ్లిషు పేర్లతో సరిచూసి ఊరుకోకుండా మన ఊళ్ల పేర్లతో పరీక్షించాలనీ, అవి సరిగా వచ్చేదాకా మసకగా ఉన్నా సరే పాత స్కాన్ పటాలను తీసివేయవద్దనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పొదలకూరు, నెల్లూరు జిల్లా.