నిద్ర పట్టినంత మాత్రాన నొప్పి పోదు

సంపాదకుడికి,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వేసిన మత్తు డ్రిప్ వార్తకు సవరణ వస్తుందని చూశాను, రాలేదు. ఆపరేషన్ జరిగేటప్పుడు ఆ డ్రిప్ పెడితే తర్వాత నొప్పే ఉండదని రాశారు. మందు పేరు లేదు, మోతాదు లేదు. ఇప్పుడు రోగుల బంధువులు ‘ఆ డ్రిప్పే పెట్టండి, మార్ఫిన్ వద్దు’ అంటున్నారు. వాళ్ల తప్పేం లేదు, పేపర్లో చదివిందే అడుగుతున్నారు.

డ్రిప్‌గా ఎక్కించే మత్తుమందులన్నీ ఒకటి కావు. ప్రొపోఫాల్ నిద్రపుచ్చుతుంది, నొప్పిని తగ్గించదు. రెమిఫెంటనిల్ గట్టి నొప్పి మందే, కానీ దాన్ని ఎక్కించే పంపు ఆపిన పది నిమిషాలకల్లా దాని పని అయిపోతుంది. కుట్లు వేయడానికి ముందే మార్ఫిన్ లాంటి, ఎక్కువసేపు పనిచేసే నొప్పి మందు ఇచ్చి ఉంచకపోతే రోగి కేకలతోనే మేలుకుంటాడు. మీ వార్త బహుశా డెక్స్‌మెడిటోమిడిన్ గురించి. అది మత్తుతో పాటు కొంత నొప్పినీ తగ్గిస్తుంది, మొదటి కొన్ని గంటల్లో మార్ఫిన్ అవసరాన్నీ తగ్గిస్తుంది. తగ్గిస్తుందే గానీ లేకుండా చేయదు. ఆపాక సుమారు రెండు గంటలకోసారి రక్తంలో సగానికి పడిపోతుంది. కోత నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది.

పైగా అది పెట్టేసి వదిలేసే మందు కాదు. 200 మైక్రోగ్రాముల మందును సెలైన్‌తో 50 మి.లీ. చేస్తే మి.లీ.కు 4 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు 1 మైక్రోగ్రాము చొప్పున మొదటి మోతాదు 15 మి.లీ., పది నిమిషాల్లో వెళ్లాలి, అంటే పంపు గంటకు 90 మి.లీ. మీద ఉంటుంది. ఆ తర్వాత గంటకు 7.5 మి.లీ.కి దించాలి. ఎవరో పిలిచారని అటు తిరిగి దించడం మరిచిపోతే, మిగిలిన 35 మి.లీ. పాతిక నిమిషాల్లోపే లోపలికి పోతుంది. నాడి 40కి పడిపోవచ్చు, బీపీ మొదట ఎగిసి తర్వాత జారిపోతుంది. అప్పుడు ముందుగా ఆపాల్సింది పంపునే. ముసలివాళ్లకు, గుండె లయ లోపాలున్నవాళ్లకు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు ఆ మొదటి మోతాదు మానేయడమే మేలు. వీటిలో ఒక్క ముక్కా మీ వార్తలో లేదు.

అసలు నొప్పి వార్డులో మొదలవుతుంది. కేస్‌షీట్‌లో ‘నొప్పి ఉంటే ఇవ్వండి’ అని రాసి వెళ్లిపోతారు. రాత్రి రెండింటికి ఎవరిని అడగాలి? 50 కిలోలు దాటిన పెద్దలకు, కాలేయం బాగుంటే, పారాసిటమాల్ 1 గ్రాము ఆరు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా పడాలి, రోజుకు 4 గ్రాములు మించకూడదు. కోత దగ్గరో నరం దగ్గరో తిమ్మిరి మందు వేస్తే సగం బాధ అక్కడే ఆగుతుంది. ఇంకా మిగిలిన నొప్పికే మార్ఫిన్, కొద్దికొద్దిగా. కదలకుండా పడుకున్న రోగికి నొప్పి లేదనుకుంటారు. ఒకసారి దగ్గమనండి, ముఖం చూస్తే తెలుస్తుంది.

మత్తు ఇంకా దిగని మనిషికి మార్ఫిన్ ఇస్తే గమనించాల్సింది మొదట మగత, ఆ తర్వాత ఊపిరి లెక్క. ఆక్సిజన్ మాస్క్ ఉన్నప్పుడు ఊపిరి మందగించినా వేలికి పెట్టిన క్లిప్ రక్తంలో ఆక్సిజన్ 98 శాతమని చాలాసేపు చూపిస్తూనే ఉంటుంది. నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టాలి. దానికి మనిషి కావాలి. పంపులు కొనడానికి డబ్బు మంజూరు చేసే అధికారులు రాత్రి డ్యూటీకి మరో నర్సును అడిగితే ఫైలు పక్కన పెడతారు. నెలకు ఎన్ని ఆపరేషన్లయ్యాయో నివేదిక అడుగుతారు, మర్నాటి పొద్దున ఎంతమంది నొప్పితో నిద్రపోలేదో ఏ నివేదికలోనూ గడి లేదు. ఎంత చెప్పినా చెవికెక్కదు.

సవరణ వేయండి. మందు పేరు రాయండి, అది నొప్పి మందుల అవసరాన్ని కొంతవరకే తగ్గిస్తుందని రాయండి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరును బంధువులు అడగాల్సింది ‘ఏ డ్రిప్ పెడతారు’ అని కాదు, ‘రాత్రికి నొప్పి మందు ఏ గంటకు, ఎవరు ఇస్తారు’ అని. అదీ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక మత్తు వైద్యురాలు