‘తప్పలేదు’ అన్న నా మాటను పట్టుకున్న మేడమ్‌కి కృతజ్ఞతలు

పది నెలల పాటు వారానికో గంట నా ఎదురుగా కూర్చున్న నా థెరపిస్టు మేడమ్‌కి ఈ పోస్టు. పేరు రాయడం లేదు. చదివితే తన గురించేనని ఆవిడకు తెలుస్తుంది.

నాన్న పోయిన ఏడాదికి నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. గుండె దడ, చెమటలు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. సైకియాట్రిస్టు ఇచ్చిన మందులతో నిద్ర వచ్చింది, ఆయనకూ రుణపడి ఉన్నాను. ‘నేనూ ఒకరోజు ఉండను’ అన్న ఆలోచన మాత్రం వదల్లేదు. ఆయనే మేడమ్ దగ్గరకు పంపారు.

ఆవిడది ఎగ్జిస్టెన్షియల్-హ్యూమనిస్టిక్ పద్ధతి, అంటే చావు, స్వేచ్ఛ, బతుక్కి అర్థం లాంటి ప్రశ్నలను తప్పించుకోకుండా ఎదుర్కొనేలా చేసే థెరపీ. అమెరికాలో రోలో మే, జేమ్స్ బ్యూజెంటాల్ లాంటి సైకాలజిస్టులు వేసిన దారి అని తర్వాత చదివి తెలుసుకున్నాను. మొదటి రోజు నాకు అర్థమైంది ఒక్కటే: చావు మాట ఎత్తితే ఆవిడ మాట మార్చలేదు. అప్పటిదాకా అందరూ మార్చారు, నా మీద ప్రేమతోనే.

మూడో నెలలో అనుకుంటా, నాన్న ఆఖరి రోజుల్లో నేను ఇంటికి వెళ్లకపోవడం గురించి చెబుతున్నాను. సెలవు దొరకలేదు, ఉండిపోవాల్సి వచ్చింది, తప్పలేదు అంటున్నాను. ఆవిడ ఆపారు. “మీ ప్రతి వాక్యమూ ‘తప్పలేదు’, ‘చేయాల్సి వచ్చింది’ అనే ముగుస్తోంది. ఒక్కసారి ‘వెళ్లకూడదని నేనే అనుకున్నాను’ అని చెప్పి చూడండి. చెప్పేటప్పుడు ఒంట్లో ఏమవుతోందో గమనించండి.”

చెప్పాను. గొంతు పూడుకుపోయింది. చాలాసేపు ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, తప్పు పట్టలేదు, గడియారం వైపు చూడలేదు. అలాగే కూర్చున్నారు. అంత నిండుగా నా ముందు ఒక మనిషి ఉండటం నాకు అదే మొదటిసారి.

ఇదే దారిలో నడిచిన అమెరికా సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్ 1980లో రాసిన పుస్తకంలో మనిషిని వదలని విషయాలు నాలుగు అంటారు: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థరాహిత్యం. నేను మొదటిదాని కోసం వెళ్లాననుకున్నాను. నన్ను తినేస్తున్నది రెండోది. నా చేతిలో ఉన్నదాన్ని నా చేతిలో లేదని చెప్పుకుంటూ బతికిన ఏళ్లే రాత్రిళ్లు చావుభయంగా లేచి కూర్చునేవి. ఆ మాట మేడమ్ చెప్పి ఉంటే తలాడించి మర్చిపోయేదాన్ని. నా నోటితో నేను అనేదాకా ఆగారు. ఆ ఓపికకే అన్నిటికన్నా ఎక్కువ కృతజ్ఞతలు.

భయం పూర్తిగా పోలేదు. పోవాలని ఆవిడా అనలేదు. క్షయతో శానటోరియంలో పడుకుని బతుకుతానో లేదో తెలియని రోజులు గడిపిన రోలో మే, మామూలు ఆందోళన వేరు, రోగంగా మారిన ఆందోళన వేరు అని 1950లోనే రాశారు. నాకు మొదటిది మిగిలింది. దానితో నిద్రపోగలుగుతున్నాను.

పోయిన వారం అన్నయ్యకు ఫోన్ చేసి, “ఆ రోజు రాకూడదనుకున్నది నేనేరా అన్నయ్యా” అన్నాను. వాడేమీ అనలేదు. ఇద్దరం ఫోన్ పెట్టలేదు కూడా. ఆ మౌనంలో పారిపోకుండా ఉండటం మీ గదిలోనే నేర్చుకున్నాను మేడమ్.