నెల్లూరు జిల్లా ఆహార భద్రతా అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా వీధి చివర మిఠాయి కొట్లో "బెల్లం మలైకాజా, షుగర్ ఉన్నవాళ్లు కూడా తినొచ్చు" అని బోర్డు పెట్టారు. అది నమ్మి మా అమ్మ రోజుకు రెండు తింది, నెల తిరిగేసరికి పరగడుపున షుగర్ 240. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే కదండీ, రంగు మారితే ఒంట్లోకి వెళ్లాక ఏం తేడా ఉంటుంది? 2006 ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. వేయించండి.

ఇంకో మాట. ఇంట్లో అందరూ నోరు కట్టుకోలేదని అమ్మనే తిట్టారు, ఆమె కాజా చుట్టిన కాగితం మడిచి దిండు కింద దాచుకోవడం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. తీపి తినడం పాపమేం కాదు, తప్పు అబద్ధం రాసినవాళ్లది. ముందు ఆ బోర్డు తీయించండి.

స్టోన్‌హౌస్‌పేట నుంచి ఒక కూతురు