కెటిల్ ఒంపేటప్పుడు చెయ్యి కాలితే తప్పు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

వంటింటి ప్రమాదాలంటే అందరూ గ్యాస్ లీకు, ప్రెషర్ కుక్కర్ గురించే రాస్తారు. పొయ్యి మీద పెట్టే కెటిల్ ఎవరికీ గుర్తు రాదు. నీళ్లు మరగడంలో ఇబ్బందేమీ లేదు, అసలు టెన్షనంతా వాటిని కప్పులోకి ఒంపేటప్పుడే. చెయ్యి కాలిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు "కాస్త చూసుకుని ఒంపొచ్చుగా" అంటారు. ఆ మాట కెటిల్ తయారుచేసినవాళ్లను అడగాలి గానీ, కాలినవాళ్లను కాదు.

చాలా కెటిళ్లకు పిడి సరిగ్గా మూత పైనే ఉంటుంది. మోయడానికి అది బాగానే ఉంటుంది కానీ, ఒంపడానికి వంచగానే మూత సందుల్లోంచి వచ్చే ఆవిరి నేరుగా వేళ్లకు తగులుతుంది. ఆవిరే కదా అని తీసిపారేయడానికి లేదు. 100 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే దాదాపు 540 కేలరీల వేడి వదులుతుంది, అదే ఒక గ్రాము మరిగే నీరు 100 నుంచి ఒంటి వేడి దాకా చల్లారితే వచ్చేది 63 కేలరీలే. అంత వేడి వచ్చే చోట చేత్తో పట్టుకోమంటున్నారు!

మా అమ్మకు కీళ్లనొప్పులు. 2 లీటర్ల నీళ్లంటేనే 2 కిలోలు, దానికి కెటిల్ బరువు అదనం, మణికట్టు తిప్పడమే కష్టం. పైగా మూత వదులుగా ఉంది, వంచితే జారి కప్పులో పడుతుందని ఎడమచేత్తో గుడ్డ పెట్టి నొక్కి పట్టుకుంటుంది, ఆ గుడ్డ అంచు పక్కనే ఉన్న మంట దాకా వేలాడుతుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

విజిల్ ఉన్నవాటిది ఇంకో గోల. ముక్కు మీది మూతను బొటనవేలితో నొక్కి పట్టినంతసేపే నీళ్లు సరిగ్గా పడతాయి. వేలు కొంచెం జారిందా, ఆ మూత టప్పున పడుతుంది, ధార దానికి కొట్టుకుని పక్కలకు చిమ్ముతుంది.

ఇక కారడం. భయపడి నెమ్మదిగా ఒంపితే నీళ్లు ముక్కు అంచు వదలవు, కింది భాగాన్ని అంటుకుని వెనక్కి జారి పొయ్యి మీదో కాలి మీదో పడతాయి. జోరుగా ఒంపితే ఈ కారడం తగ్గుతుంది గానీ కప్పులోంచి ఎగిరి పడతాయి. జాగ్రత్తపడేవాళ్లకే ఎక్కువ ఇబ్బంది అన్నమాట. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కూడా కాదు. టీపాట్ ముక్కు ఎందుకు కారుతుందో 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త రాశారు, మరుసటి ఏడాదే గణిత శాస్త్రవేత్త జోసెఫ్ కెల్లర్ లెక్కలతో వివరించారు, కారని ముక్కు లెక్క కట్టినందుకు కెల్లర్‌కూ, జాన్-మార్క్ వాండెన్-బ్రూక్‌కూ 1999లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. ముక్కు అంచు గుండ్రంగా కాకుండా పలచగా, పదునుగా ఉంటే ధార తెగి పడుతుంది. ఇంత తెలిసినా మార్కెట్లో ఇంకా లావుపాటి గుండ్రటి అంచులే ఎందుకు?

పూర్తిగా నింపితే మరిగేటప్పుడు ముక్కులోంచి ఎగజిమ్ముతాయి, వంచితే మూత దగ్గర్నుంచీ కారతాయి. ఎంతవరకు నింపాలో చెప్పే గీత చాలావాటిలో లోపలెక్కడో కనీకనపడకుండా ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. అది బయటికి స్పష్టంగా కనిపించాలి.

కెటిల్ కొనేటప్పుడు రంగూ మెరుపూ తర్వాత, ముందు నీళ్లు పోయించి వంచి చూడండి. పిడి పట్టుకుంటే వేళ్లు మూతకు ఎంత దూరంలో ఉన్నాయో, మూత బిగుతుగా ఉందో లేదో, ఆవిరి రంధ్రం చేతివైపు ఉందో ముక్కువైపు ఉందో గమనించండి. ఇంట్లో ఉన్నదానితోనే సర్దుకోవాలంటే పొయ్యి ఆపి, మరుగు అణిగాక ఎత్తండి. కప్పు చేత్తో పట్టుకోకుండా గట్టు మీద పెట్టి ఒంపండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మంట కెటిల్ అడుగు దాటి పక్కలకు ఎగబాకనివ్వొద్దు, పిడి వేడెక్కేది అందుకే. ఒకవేళ కాలితే 20 నిమిషాలపాటు ధారగా పడే కుళాయి నీళ్ల కింద పెట్టండి, ఐసు మాత్రం వద్దు.

కెటిళ్లు తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బయటికి పంపే ముందు నిండా నీళ్లు మరిగించి, చేతిలో సత్తువ తగ్గిన ఒక పెద్దావిడ చేత ఒంపించి చూడండి. ఆమె వేలు కాలితే ఆ డిజైన్ మార్చండి. మీ పత్రిక వంటింటి పేజీలో దీనిమీద బొమ్మలతో వివరంగా ఒక వ్యాసం వేస్తే కొనేవాళ్లకూ, తయారుచేసేవాళ్లకూ పనికొస్తుంది.

— ఒక పాఠకురాలు