షియర్ అంకె సరే, ఏ దిక్కున కోశారు?

సంపాదకులకు నమస్కారం. రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు పాడవడానికి కరెంటు హెచ్చుతగ్గులే కారణమని మీ పత్రికలో రాశారు. నిజమే, కానీ అల్లూరులో నా రిపేరు షాపుకొచ్చేవన్నీ మోటార్లు కాలినవి కావు.

మొన్న ఒక రొయ్యల రైతు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేశాడు, మోటారు, షాఫ్టు తిరుగుతున్నాయి, రెక్కల చక్రం మాత్రం కదలట్లేదని. వెళ్లి విప్పితే బోల్టు పట్టే చోట ప్లాస్టిక్ అట్టలు అట్టలుగా ఊడిపోయి ఉంది, టార్చి వేస్తే ప్లాస్టిక్‌లో కలిపిన అభ్రకం రేకులు తళుక్కుమన్నాయి. అమ్మినవాళ్లిచ్చిన కాగితంలో మాత్రం షియర్ బలం, అంటే పక్కకి జారి తెగిపోకుండా తట్టుకునే బలం, 50 మెగాపాస్కల్స్ అని దర్జాగా ఉంది.

ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. చెన్నైలో ప్లాస్టిక్ టెస్టింగ్ ల్యాబులో ఐదేళ్లు చేసొచ్చాను, అది అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వాళ్ల డీ732 పరీక్షలో వచ్చే అంకె, పంచ్ పద్ధతి. పలకని బిగించి 25 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌ని దించుతారు, బిళ్ల ఊడిపడుతుంది, పట్టిన బలాన్ని బిళ్ల అంచు వైశాల్యంతో భాగిస్తారు. చౌక, త్వరగా అయిపోతుంది. కానీ ఇక్కడ పలక అడ్డంగా తెగుతుంది. అభ్రకం గనుల సైదాపురం, గూడూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, అభ్రకాన్ని అడ్డంగా కోయాలంటే కత్తెర కావాలి, పొర ఊడదీయాలంటే గోరు చాలు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి పారేటప్పుడు అందులోని రేకులు చాలావరకు పారే దిక్కుకే పడుకుంటాయి, ఆ రైతు చక్రం ఊడింది ఆ పొరల వెంటే.

వీ గాడి పద్ధతి, ఏఎస్‌టీఎందే డీ5379, వేరు. 76 మిల్లీమీటర్ల ముక్కకి పైనా కిందా 90 డిగ్రీల గాడి పెట్టి ఒక సగాన్ని పైకి, ఇంకో సగాన్ని కిందికి నెడితే మధ్యలో దాదాపు షియర్ ఒక్కటే పడుతుంది. ముక్కని ఏ దిక్కున కోస్తే ఆ దిక్కు బలం తెలుస్తుంది, స్ట్రెయిన్ గేజీ, అంటే సాగుడు కొలిచే చిన్న పట్టీ, అంటిస్తే షియర్ మాడ్యులస్, అంటే షియర్‌కి ఎంత బిగువుగా నిలుస్తుందో, అదీ వస్తుంది, పంచ్‌తో అది రాదు. అయితే గేజీ కాస్త వంకరగా అంటుకుందా, మళ్లీ మొదటికి! పొట్టి ముక్కని రోలర్ల మీద పెట్టి మధ్యలో నొక్కే పద్ధతీ ఉంది గానీ మెత్తటి ప్లాస్టిక్ రోలరు కింద నలిగిపోతుంది, నాకు దాని మీద నమ్మకం లేదు.

పంచ్ టెస్టు వద్దనట్లేదు, బ్యాచ్ మారినప్పుడు సరుకు ఒకేలా ఉందో లేదో చూసుకోడానికి అది చాలు. అంకె పక్కన ఏ పద్ధతి, ఏ దిక్కు అన్న రెండు మాటలు కూడా వేయమని కంపెనీలకి మీరైనా చెప్పండి. ఆ రైతుకి ప్రస్తుతానికి రెండు వైపులా స్టీలు ప్లేట్లు వేసి బిగించిచ్చాను.

— ఏరేటర్ మెకానిక్, అల్లూరు, నెల్లూరు జిల్లా