రొయ్యకి ల్యాబు పరీక్ష, డ్రెయిన్‌కి ఎవరు చేస్తారు?

సంపాదకులు గారికి, నమస్కారం.

మాది ఉండి మండలం. పన్నెండేళ్ళుగా వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నాను. మొన్న వేసవిలో మూడు నెలలు మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చాను. అక్కడి రోడ్ల గురించీ మేడల గురించీ మీ పాఠకులు చాలాసార్లు చదివే ఉంటారు. నేను ఖాళీ డబ్బాల గురించి రాస్తున్నాను.

అక్కడ కూల్‌డ్రింకు కొంటే డబ్బాకి 10 సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీ డబ్బా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. 1976లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం ఇది. ఒక ఆదివారం మా మనవడు నన్ను వెంటబెట్టుకుని షాపుకి తీసుకెళ్ళాడు. గోడకి గుండ్రటి నోళ్ళున్న మెషిన్లు. వాడు ఒక్కో డబ్బా పెడుతుంటే అది గిర్రున తిప్పి, మీదున్న గీతలు చదువుకుని, లోపలికి లాక్కుని నలిపేస్తోంది. సొట్టపోయిన డబ్బా ఒకటి మూడుసార్లు వెనక్కి కక్కింది. పక్క మెషిన్ దగ్గర నా ఈడువాడే ఒకాయన, రెండు పెద్ద నల్ల సంచుల నిండా డబ్బాలు తెచ్చుకున్నాడు. చేతికి గ్లౌజులు. ఎక్కడెక్కడో ఏరినవని చూస్తేనే తెలుస్తోంది. ఆ వీధుల శుభ్రతలో ఆయన వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టి ఉండరు.

మా సంచిలో నాలుగు నీళ్ళ సీసాలు మిగిలాయి. "ఇవి తీసుకోదు తాతయ్యా" అని వాడు వాటిని పక్కనున్న చెత్తడబ్బాలో పడేశాడు. ఉత్త మంచినీళ్ళ సీసాకి అక్కడ డిపాజిట్ లేదు. అదే పిల్లాడు, అదే చెయ్యి.

ఇంకో సంగతి. ఎండ మండిపోతున్నా బట్టలు కరెంటు మెషిన్లోనే ఆరబెడతారు. పెరట్లో తాడు కట్టబోతే "కాలనీ వాళ్ళు ఒప్పుకోరు నాన్నా" అంది అమ్మాయి. తాడు మీద బట్టలు కనిపిస్తే ఇళ్ళ రేట్లు పడిపోతాయట! నాకిది ఇప్పటికీ కొరుకుడు పడలేదు. మనవాళ్ళ వ్రతానికి వెళ్తే నూటయాభై మందికి థర్మోకోల్ ప్లేట్లు, సగం తాగి వదిలేసిన సీసాలు. పాపం అక్కడ అరటాకు దొరకదు అనుకుందాం. రావులపాలెం అరటి మార్కెట్ ఇంత దగ్గర పెట్టుకుని మా ఊరి పెళ్ళిళ్ళలో మనం చేస్తున్నదేమిటి?

ఆ షాపు ఫ్రీజర్లోనే రొయ్యల ప్యాకెట్టు కనిపించింది. తిప్పి చూస్తే 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా'. తల తీసి, పొట్టు ఒలిచి, తోక మాత్రం ఉంచారు. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడానికి, ముందు ల్యాబుకి మేమిచ్చే శాంపిళ్ళు గుర్తొచ్చాయి. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికిందంటే సరుకు వెనక్కే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద వేరే మాటే లేదు, వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) రేటు ఎక్కడికి దిగుతుందోనని. ఆ తినేవాడంటే మాకు అంత భయం, అంత శ్రద్ధ.

ఇక నా సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట నా చెరువుకి వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు తగిలింది. బ్లీచింగ్ కొట్టి, కొన్నాళ్ళు నీళ్ళు నిలవబెట్టి, ఆ తర్వాతే వదలాలి. నాకు తెలియక కాదు. మేత బాకీ నెత్తి మీదుంది, తొందరగా ఎండగట్టి మళ్ళీ పిల్ల వేద్దామని ఆ రాత్రే తూము తలుపు లేపేశాను. తెల్లారేసరికి నీళ్ళన్నీ డ్రెయిన్లో, అంటే మురుగు కాలువలో. పదిహేను రోజులకి దిగువన మా బావ చెరువులో రొయ్యలు నీరసపడి గట్టు వారకి చేరాయి. నా నీళ్ళ వల్లేనని నేనూ అనలేదు, ఆయనా అడగలేదు. ఇప్పటికీ పండక్కి వస్తాడు, భోంచేస్తాడు, చెరువుల మాట మాత్రం ఎత్తడు.

అమెరికా వాళ్ళు మనకన్నా నీతిమంతులని నేననుకోను. పది సెంట్లున్న డబ్బాని దాచుకుంటున్నారు, లేనిదాన్ని పారేస్తున్నారు. నేనూ అంతే. అడిగేవాడున్న రొయ్యని జాగ్రత్తగా చూసుకున్నాను, అడిగేవాడు లేని నీళ్ళని వదిలేశాను.

ఏటా వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక అడుగున ఏముందో మీ విలేకరులని ఫోటో తియ్యమనండి. మిగతా రోజుల్లో గుర్రపుడెక్క కప్పేస్తుంది గానీ అప్పుడు సీసాలన్నీ బయటపడతాయి. సీసాకి డిపాజిట్ మనకి కొత్తా? గోళీసోడా సీసా తిరిగివ్వకపోతే కొట్టువాడు ఊరుకునేవాడా? తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి ఖాళీ మద్యం సీసాకి 10 రూపాయలు వెనక్కిస్తున్నారు. ఇక్కడ నీళ్ళ సీసాతోనే మొదలుపెట్టొచ్చు.

అలాగే పట్టుబడుల రోజుల్లో డ్రెయిన్ నీళ్ళు కూడా ల్యాబుకి పంపి, ఫలితం గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. మొదటి శాంపిల్ నా తూము దగ్గరే తీసుకోవచ్చు. నా పట్టుబడి దసరా వెళ్ళిన వారానికి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.